కౌజు పిట్టల అంతస్తుల పంజరం: శుభ్రం సులువే, పిట్టకే ఇబ్బంది

కౌజు పిట్టల కోసం ఈ అంతస్తుల పంజరం కొన్నాను. కడిగే పని తగ్గుతుందని అమ్మేవాళ్లు చెప్పే మాట మాత్రం నిజం. రెట్ట జాలీలోంచి కింది ట్రేలో పడిపోతుంది, గుడ్లు వాలు మీద దొర్లి ముందుకొస్తాయి. అక్కడితో పొగడ్త అయిపోయింది.

కౌజు బాగా బెదిరితే బాణంలా నిట్టనిలువుగా పైకి లేస్తుంది. ఈ పంజరంలో అరలు మోకాలెత్తు ఉన్నాయి. అంటే ఊపందుకోవడానికి సరిపడా చోటు, పైన గట్టి తీగ! నెత్తి తోలు లేచిపోయిన పిట్టల్ని చూశాక టెన్షన్ పట్టుకుంది. ఎత్తు 30 సెంటీమీటర్ల లోపైనా ఉండాలి, లేదా మనిషి నిలబడేంతైనా ఉండాలి. లోపల పైకప్పు కింద మెత్తటి వల కట్టాక దెబ్బలు తగ్గాయి.

జాలీ మీదే నిలబడి పాదాలు పుండ్లు పడుతుంటే సగం నేలకి రబ్బరు మ్యాట్ వేసి, ఇసుక ట్రే పెట్టాను. పెట్టడం ఆలస్యం, తోసుకుంటూ వచ్చి అందులో పొర్లాడాయి. దాక్కోవడానికి మూలంటూ లేదు. అట్టపెట్టె బోర్లిస్తే తోటి పిట్టల చేత దెబ్బలు తినేవి అందులో దూరుతున్నాయి.

ఇవన్నీ మనమే అమర్చుకుంటే ఇక కొన్నదేమిటట? ఫెజెంట్లు (కౌజు జాతికే చెందిన, పొడవాటి తోకున్న పెద్ద పిట్టలు) పెంచేవాళ్లు దీని వైపు చూడనే వద్దు. నా లెక్కలో ఐదుకి రెండు స్టార్లు, ఆ రెండూ కింది ట్రేకే.