పోలో 1.0 టీఎస్‌ఐ రీమ్యాప్: హైదరాబాద్ ఎండలో ఇగ్నిషన్ టైమింగ్

రీమ్యాప్ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూలోని ప్రోగ్రామ్‌ను మార్చడం) సమీక్షల్లో ఎన్ని హార్స్‌పవర్ పెరిగిందన్న లెక్కే ఎక్కువగా కనిపిస్తుంది. కంపెనీ నుంచి 110 పీఎస్ శక్తి, 175 ఎన్ఎం టార్క్‌తో వచ్చిన నా పోలో 1.0 టీఎస్‌ఐకి స్టేజ్ 1 (విడిభాగాలేవీ మార్చని తొలి స్థాయి) రీమ్యాప్ చేయించి, ఎండాకాలాలు కూడా దాటించిన తరువాత, ఆ లెక్క కంటే ట్యూనర్ ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని ఎలా సర్దాడన్నదే ముఖ్యమని నాకు తేలింది.

మంట సిలిండరంతా పాకడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, పిస్టన్ పైకొసకు చేరకముందే స్పార్క్ పడాలి. పిస్టన్ కిందికి దిగడం మొదలుపెట్టి క్రాంక్ సుమారు 15 డిగ్రీలు తిరిగే సమయానికి పీడనం గరిష్ఠానికి చేరితే ఎక్కువ పని దక్కుతుంది. స్పార్క్‌ను మరీ ముందుకు జరిపితే, మంట ఇంకా అందని మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే అంటుకుంటుంది, అదే నాకింగ్. బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) పెంచిన ఇంజన్‌లో ఈ హద్దు మరింత దగ్గరికి వస్తుంది కనుక, బూస్ట్ పెంచిన చోట టైమింగ్‌ను తగ్గించక, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేయక తప్పదు.

నగరంలోని ఒక వర్క్‌షాప్‌లో మొదట వేసిన ఫైల్ (రీమ్యాప్ ప్రోగ్రామ్) డిసెంబర్ చలిలో అద్భుతంగా నడిచింది. ఏప్రిల్ వచ్చేసరికి తీరు మారింది. మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో బయోడైవర్సిటీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో నిలిచి నిలిచి, గచ్చిబౌలి దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, మునుపటి పికప్ ఉండేది కాదు. బండి కంప్యూటర్ వివరాలు చదవడానికి ఉండే ఓబీడీ పోర్టుకు బ్లూటూత్ రీడర్ తగిలించి లాగ్ (నడిచేటప్పటి రికార్డు) తీస్తే కారణం బయటపడింది. 2,500 ఆర్‌పీఎం దాటగానే, నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సర్ ఇచ్చే సంకేతాన్ని బట్టి ఈసీయూ మూడు సిలిండర్లలోనూ టైమింగ్‌ను వెనక్కి లాగుతోంది. మూడో సిలిండర్‌లో ఆ కోత 6 డిగ్రీల దాకా పోయింది. చెవికి మాత్రం ఏ టకటకా వినిపించలేదు.

నాక్ సెన్సర్ ఉంది కదా, అదే చూసుకుంటుందని చాలామంది ధైర్యం చెబుతారు. నా దృష్టిలో అది ఆపద సమయానికి ఉన్న ఏర్పాటే తప్ప, రోజూ దాని మీద ఆధారపడి నడిపేది కాదు. సెన్సర్ నాకింగ్‌ను పట్టగానే ఈసీయూ టైమింగ్‌ను ఒక్కసారిగా తగ్గించి, తరువాత మెల్లగా తిరిగి ఇస్తుంది; అందుకే పికప్ నిలకడగా ఉండదు. పైగా టైమింగ్ మరీ వెనక్కి పోతే మండటం ఆలస్యమై, ఆ వేడి ఎగ్జాస్ట్‌లోకి పోయి టర్బో మీద పడుతుంది.

లాగ్ చూపించి ఫైల్‌ను మళ్లీ రాయించాను. 2,500 నుంచి 4,000 ఆర్‌పీఎం మధ్య, టైమింగ్ పట్టికలోని పూర్తి లోడ్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పటి) గడుల్లో 2 డిగ్రీలు తగ్గించి, లోపలికి వెళ్లే గాలి వేడెక్కేకొద్దీ టైమింగ్ ముందుగానే తగ్గేలా పట్టికను సవరించి, బూస్ట్‌ను కూడా కాస్త దించారు. కాగితం మీద టార్క్ తగ్గింది. అయినా మే నెల మధ్యాహ్నం అదే దారిలో బండి మొదటి ఫైల్ కంటే బాగా లాగుతోంది, లాగ్‌లో కోత ఒకటిన్నర డిగ్రీ దాటడం లేదు.

ఈ మ్యాప్ (సవరించిన ఫైల్) 95 ఆక్టేన్ పెట్రోల్‌కు రాసినది; ఆక్టేన్ అంటే పెట్రోల్ నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే సంఖ్య. 100 ఆక్టేన్ పెట్రోల్ అయిన ఎక్స్‌పీ100 కూడా పోసి చూశాను. మ్యాప్‌లో రాసిన హద్దును దాటి ఈసీయూ స్పార్క్‌ను ముందుకు జరపదు కాబట్టి, పంపులో డబ్బుల మీటరు వేగంగా తిరగడం తప్ప పెద్ద తేడా ఏమీ కనిపించలేదు.

టైమింగ్‌తో నయం కాని జబ్బు ఒకటుంది. తక్కువ ఆర్‌పీఎంలో, పెద్ద గేర్‌లో గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లకు ఉంది. స్పార్క్‌ను ఎంత వెనక్కి జరిపినా అది ఆగదు. అందుకని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఒక గేర్ దించి తొక్కుతాను, ఈ ప్రమాదం ఇంజన్ ఆయిల్‌ను బట్టి కూడా మారుతుంది కనుక ఆయిల్ విషయంలో రాజీపడను.

చలికాలం ఉదయాల్లో, 5,000 ఆర్‌పీఎం పైన మొదటి ఫైల్‌లో ఉన్న ఊపు ఇప్పుడు లేదన్నది నిజమే. చలికి వేరే ఫైల్ రాసిస్తానని ట్యూనర్ అన్నాడు గానీ నేను తీసుకోలేదు. విజయవాడ దారిలో ప్రతి బంకులోనూ 95 ఆక్టేన్ దొరుకుతుందన్న నమ్మకం లేనప్పుడు, ఆ కాస్త తగ్గుదలే నాకు నయం.