మైనస్ ముప్పైలో సెల్ఫ్ అందుకోవాలంటే: ఎడ్మంటన్ చలిలో బ్లాక్ హీటర్ వాడిన అనుభవం

కెనడాలోని ఎడ్మంటన్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు సెకండ్‌హ్యాండ్ కారు కొనడానికి వెళ్తూ నన్నూ తోడు రమ్మంటారు. అందరూ ముందు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తారు. నేను మాత్రం వంగి ముందు గ్రిల్ కింద వెతుకుతాను. అక్కడ మూడు పిన్నుల ప్లగ్గు ఒకటి బయటికి వేలాడుతుండాలి. అది లేని కారుకి ధరలో మూడొందల డాలర్లు తగ్గించి మాట్లాడమంటాను. ఎందుకంటే డిసెంబర్ వచ్చేలోపు ఆ డబ్బు ఎలాగూ పెట్టాల్సిందే.

ఆ ప్లగ్గు వెనకున్నదే బ్లాక్ హీటర్, అంటే గట్టి చలిలో స్టార్ట్ చేసేముందు ఇంజన్‌ని వెచ్చబెట్టే పరికరం. నేను ఆరేడు చలికాలాల నుంచి వాడుతున్నాను, రెండు కార్లలో. సంగతి చాలా సింపుల్. ఇంజన్ బ్లాకు పోత పోసినప్పుడు మిగిలే గుండ్రటి రంధ్రాలను బిళ్లలతో మూసేస్తారు. ఆ బిళ్లల్లో ఒకటి తీసి, అక్కడ చిన్న హీటింగ్ ఎలిమెంటు బిగిస్తారు. ఇంజన్‌ని చల్లబరిచే ద్రవంలో, అంటే కూలెంట్‌లో, మునిగి ఉండే ఆ ఎలిమెంటు మన ఇళ్లలో బకెట్లో వేసే హీటర్ రాడ్డులాంటిదే. ఇక్కడి 120 వోల్టుల కరెంటుతో పనిచేస్తుంది. మా నాలుగు సిలిండర్ల చిన్న కారులో ఉన్నది 400 వాట్లది, పెద్ద ట్రక్కులకు 1000 వాట్లవి కూడా ఉంటాయి. వేడెక్కిన కూలెంట్ పైకి, చల్లటిది కిందికి కదులుతూ పంపు తిరగకపోయినా బ్లాకంతా మెల్లగా వెచ్చబడుతుంది.

దీని పుట్టుక కూడా ఇలాంటి చలి ఊళ్లోనే. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం గ్రాండ్ ఫోర్క్స్‌లో ఉండే ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇంజన్ హెడ్ బోల్టు స్థానంలో బిగించే హీటర్ తయారుచేసి 1949లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు ఈ ప్రాంతాల రైతులు రాత్రిపూట ఇంజన్ ఆయిల్ దించి, ఇంట్లో పొయ్యి పక్కన పెట్టుకుని, పొద్దున్నే మళ్లీ పోసేవాళ్లు. మైనస్ ముప్పైలో కారు కింద దూరి ఆయిల్ దించడం తలచుకుంటేనే వేళ్లు కొంకర్లు పోతాయి.

ఇప్పటి ఆయిల్స్ మెరుగే. డబ్బా మీద 0డబ్ల్యూ20 అని ఉంటే మైనస్ 35 దగ్గర, 5డబ్ల్యూ30 అని ఉంటే మైనస్ 30 దగ్గర సెల్ఫ్ తిప్పగలిగేంత పల్చగా ఉంటుందో లేదో పరీక్షించి ఇచ్చిన గ్రేడు అది. కాబట్టి మంచి సింథటిక్ ఆయిల్ ఉంటే హీటర్ లేకుండా కూడా చాలా కార్లు మైనస్ 25 దాకా స్టార్ట్ అవుతాయి. అవుతాయి గానీ ఎలా అవుతాయన్నది చూడాలి. సెల్ఫ్ కొడితే మొదటి రెండు మూడు చుట్లు మూలుగుతూ, ఒక్కో చుట్టూ విడివిడిగా వినిపిస్తుంది. అందుకున్నాక కూడా వాల్వుల దగ్గర కటకట చప్పుడు కాసేపు పోదు. ప్లగ్గు పెట్టిన కారు అదే చలిలో సెప్టెంబర్ నెలలో లాగే ఒక్క తిప్పుకి అందుకుంటుంది, ఇంజన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) తొందరగా దిగి నిలకడగా నిలబడుతుంది. రెండు మూడు వీధులు దాటేసరికి లోపల గాలి వెచ్చబడి అద్దం మీది మంచు కరగడం మొదలవుతుంది. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని స్కూలుకి వెళ్లేవాళ్లకి ఈ ఒక్కటి చాలు దీన్ని కొనడానికి. పెట్రోలు కూడా కలిసొస్తుంది. గట్టి చలిలో 10 శాతం దాకా ఆదా ఉండొచ్చని కెనడా ప్రభుత్వ సహజ వనరుల శాఖ చెబుతుంది.

అసలు చెప్పాల్సింది టైమర్ గురించి. ఇక్కడ చాలామంది సాయంత్రం ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టి పొద్దున తీస్తారు. పన్నెండు గంటలు. 400 వాట్ల హీటర్‌కి దాదాపు 5 యూనిట్లు. అదే టైమర్ పెట్టి బయల్దేరే ముందు మూడు గంటలు మాత్రమే నడిపితే 1.2 యూనిట్లు. అన్ని ఛార్జీలూ కలిపి యూనిట్ 20 సెంట్లు వేసుకుంటే ఒకటి దాదాపు డాలరు, రెండోది పావు డాలరు. ఇంజన్‌కి మాత్రం తేడా ఏమీ లేదు. కొన్ని గంటలయ్యాక హీటర్ ఇచ్చే వేడి, బయటి చలి లాక్కునే వేడి సమానమైపోతాయి, ఆ తర్వాత ఎంతసేపు ఉంచినా బ్లాకు ఇంకా వేడెక్కదు. సాధారణ చలికి రెండు గంటలు సరిపోతాయి. మైనస్ 30 దాటితే నేను మూడు, నాలుగు పెడతాను.

టైమర్ కొనేటప్పుడు పెట్టె మీద రెండు చూడండి. ఎంత చలి దాకా పనిచేస్తుందో ఒకటి, 15 ఆంపియర్లు మోస్తుందో లేదో రెండోది. ఫోన్‌తో నడిచే స్మార్ట్ ప్లగ్గులు చాలావాటి మీద మైనస్ 20 వరకే అని ఉంటుంది, మనకి అది పనికొచ్చే రోజుల్లోనే అది మొరాయిస్తుంది. గుండ్రంగా తిరిగే ముల్లు ఉన్న చవక టైమర్లు బయట పెడితే చలికి నెమ్మదిస్తాయి. నాది గ్యారేజీ లోపలి సాకెట్‌కి పెట్టి వైరు మాత్రం బయటికి లాగాను, అప్పట్నుంచి ఇబ్బంది లేదు. కరెంటు పోయి వచ్చినా, నవంబర్‌లో గడియారాలు గంట వెనక్కి జరిపినా టైమర్‌ని మళ్లీ సరిచేయాలి.

హీటర్ తర్వాత ఖర్చుకి వెనకాడకూడనిది వైరు. ఇండియాలో వాడే ఎక్స్‌టెన్షన్ వైర్ల లాంటివే ఇక్కడా చవకగా దొరుకుతాయి. మైనస్ 30లో ఆ వైరు చుట్ట విప్పితే చుట్ట ఆకారంలోనే బిగుసుకుని ఉంటుంది, బలవంతంగా లాగితే పై తొడుగు పగిలి లోపలి రాగి కనబడుతుంది. చలికి మెత్తగా ఉండే రబ్బరు తొడుగు, ఎర్త్ పిన్ను, కాస్త లావు తీగ ఉన్నదే తీసుకోవాలి. సాకెట్ కూడా షాక్ కొట్టకముందే ట్రిప్ అయ్యే రకం అయ్యుండాలి. కారు వైపు ప్లగ్గు మీద రోడ్ల మీద చల్లే ఉప్పు నీళ్లు పడి పిన్నులు పచ్చబడతాయి, తర్వాత నల్లబడతాయి. మూత పెట్టి ఉంచడం, ఏటా ఒకసారి పిన్నులు తుడిచి తడి తగలకుండా కాపాడే డైఎలెక్ట్రిక్ గ్రీజు పూయడం, ఈ రెండే దాని ఆయుష్షు.

మా మొదటి కారులో హీటర్ మూడో చలికాలంలో చచ్చిపోయింది. ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను గానీ, పోయినట్టు ఏ లైటూ వెలగదు, ఏ శబ్దమూ రాదు. వరసగా రెండు రోజులు సెల్ఫ్ మూలిగేసరికి అనుమానం వచ్చింది. మల్టీమీటర్ ఉన్నవాళ్లు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కారు ప్లగ్గుని కరెంటు నుంచి తీసేసి రెండు చదును పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చూడాలి. 120 వోల్టుల 400 వాట్ల ఎలిమెంటుకి 36 ఓమ్‌లు రావాలి. మాది అనంతం చూపించింది, అంటే లోపల తెగిపోయింది. మీటర్ లేకపోతే నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ప్లగ్గు పెట్టి గ్రిల్ దగ్గర చెవి పెట్టండి. బాగున్న హీటర్ కాసేపటికి సన్నగా సుయ్‌మంటుంది. కొన్ని కార్లలో వైరులోనే థర్మోస్టాట్ ఉంటుంది, బయట బాగా చల్లబడితే తప్ప కరెంటు లోపలికి పోనివ్వదు. అలాంటివాటిని అక్టోబర్‌లో పరీక్షిస్తే చెడిపోయాయనే అనిపిస్తుంది.

బ్లాక్ హీటర్ బ్యాటరీని వేడి చేయదు. ఈ ముక్క తెలియక ఇబ్బందిపడేవాళ్లే ఎక్కువ. నిరుడు జనవరిలో వరంగల్ నుంచి చదువుకి వచ్చిన కుర్రాడు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అన్నా, రాత్రంతా ప్లగ్గు పెట్టే ఉంచిన. టక్ టక్ అంటుంది తప్ప సెల్ఫ్ తీసుకుంటలేదు."

"డాష్‌బోర్డు లైట్లు ఎట్లున్నయి?"

"మినుకు మినుకుమంటున్నయన్నా."

ఇంజన్ వెచ్చగానే ఉంది, బ్యాటరీ అయిపోయింది. మైనస్ 18 దగ్గరే లెడ్ బ్యాటరీ సత్తువ సగానికి పడిపోతుంది. అదే సమయంలో ఇంజన్ తిప్పడానికి మామూలుకంటే ఎక్కువ కరెంటు కావాలి. అందుకే చలిలో సెల్ఫ్ తిప్పడానికి బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో చెబుతూ దాని మీద ఉండే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ అంకెను కూడా మైనస్ 18 దగ్గరే కొలుస్తారు. కారుకి చెప్పినదానికంటే ఒక మెట్టు ఎక్కువది వేయించండి. నాలుగేళ్లు దాటిన బ్యాటరీని చలికాలం ముందే పరీక్ష చేయించండి. బయటే పార్క్ చేసేవాళ్లకి బ్యాటరీకి చుట్టే హీటింగ్ దుప్పటి కూడా దొరుకుతుంది. మా రెండో కారుకి అది ఉంది, బాగా పనిచేస్తోంది.

అయస్కాంతంతో అంటించే హీటర్ కూడా కొని చూశాను. ఇప్పటి కార్లలో చాలావాటి ఆయిల్ చాంబర్ అల్యూమినియంది, అయస్కాంతం అంటుకోదు. నేనైతే దాన్ని కొనమని ఎవరికీ చెప్పను. చాంబర్‌కి అతికించే సిలికాన్ ప్యాడ్ నిజంగా మంచిది, ఆయిల్‌నే వేడి చేస్తుంది. కానీ శుభ్రంగా తుడిచి, వెచ్చటి గ్యారేజీలో అతికించాలి, లేకపోతే ఊడిపోతుంది. ఇంట్లోంచే బటన్ నొక్కి ఇంజన్ ఆన్ చేసే రిమోట్ స్టార్ట్ సుఖమే, అయితే గడ్డకట్టిన ఇంజన్‌నే తిప్పుతుంది కాబట్టి హీటర్‌కి బదులు కాదు. ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో తలుపు వేసి ఉండగా మాత్రం దాన్ని నొక్కకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

2024 జనవరి 13 శనివారం, తెల్లారితే భోగి. చలి మైనస్ 40 దరిదాపుల్లో ఉంది. సాయంత్రం ఆరున్నర దాటాక మా ఆల్బర్టా రాష్ట్రంలో అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి. కరెంటు సరఫరా చేసే గ్రిడ్ మీద భారం పెరిగింది, అనవసరమైన లైట్లు ఆపండి, ఎలక్ట్రిక్ కార్ల ఛార్జింగ్, బ్లాక్ హీటర్లు పెట్టడం వాయిదా వేయండి అని ప్రభుత్వ హెచ్చరిక. నిమిషాల్లోనే జనం దాదాపు 200 మెగావాట్ల వాడకం తగ్గించారు, కరెంటు తీయాల్సిన అవసరం రాలేదు. సాయంత్రం ఆరింటికి హీటర్లు పెట్టి వదిలేసే అలవాటు ఊరంతటికీ ఉంటే గ్రిడ్‌కి ఎంత బరువో ఆ రోజు బాగా తెలిసింది. మా టైమర్ తెల్లవారుజామున నాలుగింటికి గానీ ఆన్ కాదు. అప్పటికి ఊరు నిద్రలో ఉంటుంది, గ్రిడ్ మీద భారమూ తగ్గి ఉంటుంది. అప్పట్నుంచి టైమర్ సంగతి డబ్బు లెక్కగా కాక ఇరుగుపొరుగు లెక్కగా కూడా చెబుతున్నాను.

వాంకూవర్‌లో ఉండేవాళ్లకి దీని అవసరం రాదు, టొరంటోలో కూడా చాలా ఏళ్లు లేకుండానే గడిచిపోతాయి. వేడి ఉన్న అండర్‌గ్రౌండ్ పార్కింగ్ ఉంటే ఇంటి దగ్గర అక్కర్లేదు, కానీ పగలంతా ఆఫీసు బయట నిలిపే కారుకి కావాలి. ఎడ్మంటన్, సాస్కటూన్, విన్నిపెగ్, ఫోర్ట్ మెక్‌మర్రీ, సరిహద్దు అవతల ఫార్గో, మినియాపొలిస్ వైపు ఉండేవాళ్లు మాత్రం ఆలోచించకుండా వేయించుకోండి. అపార్టుమెంటు వాళ్లు అద్దె ఒప్పందం చేసేముందే పార్కింగ్ దగ్గర కరెంటు స్తంభం ఉందా, ఉంటే నిరంతరం వస్తుందా లేక కాసేపు ఆన్, కాసేపు ఆఫ్ అవుతుందా అడగండి. ఆగి ఆగి వచ్చే చోట టైమర్ వ్యవధి రెట్టింపు పెట్టుకోవాలి. బిగింపు పని అక్టోబర్‌లోనే చేయించుకోండి, మొదటి గట్టి చలి పడ్డ వారం మెకానిక్కుల దగ్గర అపాయింట్‌మెంట్ దొరకదు.