పోలీసుకి ఏది మేలు: రివార్డా, పతకమా, ప్రమోషనా?

మా పెదనాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ఆయన బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరు ఉండేది, దాని నిండా రివార్డు కాగితాలే. ఒకదాంట్లో యాభై రూపాయలు, ఇంకోదాంట్లో వంద. పోయిన ఎడ్లను సంతలో పట్టుకున్నందుకు ఒకటి, తిరునాళ్ల బందోబస్తులో తప్పిపోయిన పిల్లను తల్లికి అప్పజెప్పినందుకు ఒకటి. చుట్టాలొస్తే ఆ కవరు తీసి చూపించేవారు. మా అన్నయ్యేమో "ఈ కాగితాల బదులు ఒక్క ప్రమోషన్ ఇచ్చుంటే అయిపోయేదిగా" అనేవాడు. ఆ గొడవ మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం ముందు లెక్క చెప్తా. పోలీసుశాఖలో మంచి పనికి దక్కేవి మూడు రకాలు. ఒకటి రివార్డులు: నగదు, మెచ్చుకోలు పత్రం, సర్వీసు బుక్‌లో ఎక్కించే జీఎస్ఈ, అంటే గుడ్ సర్వీస్ ఎంట్రీ. రెండు పతకాలు. మూడు, సీనియారిటీ వరసతో పనిలేకుండా ఒక మెట్టు పైకెక్కించే యాక్సిలరేటెడ్ ప్రమోషన్.

పతకాల్లో మళ్లీ రాష్ట్రానివి వేరు, కేంద్రానివి వేరు. మన రెండు రాష్ట్రాల్లో శౌర్య పతకం, మహోన్నత సేవ, ఉత్తమ సేవ, కఠిన సేవ, సేవా పతకం అని ఉన్నాయి. ఆంధ్రలో వీటిని ఉగాది పురస్కారాలనే ఎక్కువమంది పిలుస్తారు. కేంద్రం దగ్గర ఒకప్పుడు పదహారు రకాలుండేవి, 2023లో వాటిని కలిపి నాలుగు చేశారు: శౌర్యానికి రెండు, సేవకు రెండు, ఒక్కో జతలో పైది రాష్ట్రపతి పతకం. వీటిని జనవరి 26కి, ఆగస్టు 15కి ముందు ప్రకటిస్తారు. (ఊళ్లో కట్టే ఫ్లెక్సీల్లో మాత్రం ఏది వచ్చినా రాష్ట్రపతి పతకమే. జిల్లా ఎస్పీ ఇచ్చిన ప్రశంసాపత్రాన్ని కూడా అలాగే రాసిన ఫ్లెక్సీ నేను కళ్లారా చూశాను.)

కానిస్టేబుల్ వైపు నుంచి చూస్తే ప్రమోషన్‌ని మించింది లేదు, అందులో వాదన అక్కర్లేదు. జీతం పెరుగుతుంది, భుజం మీద చిహ్నం మారుతుంది, పిల్ల పెళ్లి శుభలేఖలో హోదా మారుతుంది, రేపు పెన్షన్ లెక్క కూడా దానిమీదే. కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్ దగ్గరే ఆగిపోయేవాళ్లు ఎంతమందో తెలిసినవాళ్లకి ఆ ఒక్క మెట్టు విలువ చెప్పనక్కర్లేదు. మా అన్నయ్య పాయింటు అదే.

కానీ ఒకరిని వరస దాటించి పైకి తీసుకెళ్లావంటే ఆ వరసలో నిలబడ్డ మిగతా వందమంది కిందకి జరిగినట్టే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నక్సలైట్లతో పోరాడినవాళ్లకి ఇలాంటి ప్రమోషన్లు ఇచ్చారు. అడవిలో రోజుల తరబడి నడిచి ప్రాణం పణంగా పెట్టినవాడికి ఇవ్వడంలో తప్పేముంది అంటే తప్పేమీ లేదు, కాకపోతే తర్వాత సీనియారిటీ ఎవరిది అని కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు ఉన్నారు, ఒకే బ్యాచ్‌లో చేరి ఒకే బ్యారక్‌లో పడుకున్నవాళ్ల మధ్య మాటలు కూడా తెగిపోయాయి.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఎన్‌కౌంటర్ జరిగిన వారానికే ప్రమోషన్ అంటే, అది నిజంగా ఎదురుకాల్పులేనా అని విచారణ తేలకముందే శాఖ తీర్పు ఇచ్చేసినట్టు. అందుకే 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాల మీద మార్గదర్శకాలు ఇస్తూ, ఘటన జరిగిన వెంటనే పాల్గొన్న అధికారులకు వరస తప్పించి ప్రమోషన్లు గానీ శౌర్య బహుమతులు గానీ ఇవ్వొద్దని, ధైర్యం చూపారన్నది సందేహం లేకుండా తేలాకే ఇవ్వాలని చెప్పింది. న్యాయమైన మాటే కదా.

అలాగని ప్రమోషన్ బహుమతే వద్దనను. ఢిల్లీ వాళ్లు 2020లో ఒక పద్ధతి పెట్టారు, నాకు భలే నచ్చింది. పన్నెండు నెలల్లో పద్నాలుగేళ్లలోపు తప్పిపోయిన పిల్లల్ని యాభైమందిని, అందులో కనీసం పదిహేనుమంది ఎనిమిదేళ్లలోపు వాళ్లని వెతికిపెట్టిన కానిస్టేబుల్‌కి, హెడ్ కానిస్టేబుల్‌కి వరసతో పనిలేకుండా ప్రమోషన్. సమయపూర్ బాద్లీ స్టేషన్‌లో పనిచేసే సీమా ఢాకా మూడు నెలల్లోపే 76 మంది పిల్లల్ని కనిపెట్టి, ఆ పద్ధతిలో మొదటి ప్రమోషన్ తెచ్చుకుని ఏఎస్సై అయింది. పిల్ల ఇంటికొచ్చిందా లేదా అన్నది ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు, షరతు ముందే కాగితం మీద ఉంది, పక్కనున్నవాళ్లు కూడా కుళ్లుకునే బదులు "నేనూ వెతుకుతా" అనుకునే వీలుంది.

ఇక పతకం. శౌర్య పతకాన్ని, సేవా పతకాన్ని ఒక గాటన కట్టకూడదు. కేంద్రం ఇచ్చే శౌర్య పతకానికి నెలనెలా భత్యం ఉంటుంది, గ్రహీత పోయాక భార్యకీ అందుతుంది. సేవా పతకానికి ఆ డబ్బు లేదు, గౌరవమే.

శౌర్య పతకం ఎంత అరుదో ఒక్క లెక్క చూడండి. 2024 ఆగస్టు 15కి దేశం మొత్తమ్మీద 213 మందికి శౌర్య పతకం ఇస్తే, రాష్ట్రపతి శౌర్య పతకం ఒకే ఒక్కరికి వచ్చింది. ఆయన తెలంగాణ హెడ్ కానిస్టేబుల్ చదువు యాదయ్య. 2022 జూలైలో చైన్ స్నాచర్లను పట్టుకోబోతే కత్తితో ఛాతీలో, వీపులో, కడుపులో పొడిచారు, అయినా వదల్లేదు, పదిహేడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఐపీఎస్ కాదు, ఎస్సై కూడా కాదు! ఆ వార్త చూసిన రోజు మా పెదనాన్న రెండుసార్లు పేపరు తిరగేశారు. సైన్యానికే అనుకునే అశోక చక్ర కూడా పోలీసులకి వస్తుంది. 2008 ముంబై దాడుల ఉగ్రవాది కసబ్‌ని ప్రాణాలతో పట్టించిన ముంబై ఏఎస్సై తుకారాం ఓంబ్లేకి 2009లో, మన గ్రేహౌండ్స్ ప్రసాద్ బాబుకి 2014లో ఇచ్చారు. ఇద్దరికీ పోయాకే.

యాదయ్య ఘటనకి, పతకానికి మధ్య రెండేళ్లు. ఆలస్యమని కొందరు తిట్టారు గానీ, నాకైతే ఇంత పెద్ద గౌరవానికి ఆమాత్రం పరిశీలన ఉండాల్సిందే అనిపిస్తుంది. అయినా అన్నిసార్లూ పరిశీలన పనిచేస్తుందని కాదు. 2018లో జమ్మూకశ్మీర్ రాష్ట్ర శౌర్య పతకం అందుకున్న ఒక డీఎస్పీ, 2020 జనవరిలో మిలిటెంట్లతో కలిసి కారులో వెళ్తూ దొరికిపోతే, ఆ పతకాన్ని వెనక్కి తీసుకున్నారు. పతకానికి ఈ సుగుణం ఒకటుంది, వెనక్కి లాక్కుంటే పక్కవాడి సీనియారిటీ ఏమీ చెదరదు. ప్రమోషన్‌ని అలా వెనక్కి తిప్పి చూడండి, ఎన్ని ఫైళ్లు కదలాలో!

సేవా పతకాల గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఏళ్ల తరబడి మచ్చ లేకుండా పనిచేస్తే, పైవాడు పేరు పంపితే, వస్తుంది. ఆ "పంపితే" దగ్గరే కథంతా. ఎస్పీ ఆఫీసులో కనిపించేవాడి పేరు గుర్తొచ్చినంత సులువుగా మారుమూల స్టేషన్‌లో రాత్రి బీటు తిరిగేవాడి పేరు గుర్తురాదు.

మిగిలింది రివార్డు. అందరూ చులకన చేసేది ఇదే. నా ఓటు మాత్రం దీనికే, డబ్బు కోసం కాదు. సోమవారం దొంగని పట్టుకుంటే శుక్రవారం పరేడ్‌లో పేరు పిలిచి, తోటివాళ్ల ముందు చేతిలో కాగితం పెట్టగలిగేది ఇదొక్కటే. పతకం రాష్ట్ర రాజధానికో ఢిల్లీకో వెళ్లి రావాలి, ప్రమోషన్‌కి ఖాళీలు, రూల్సు చూడాలి, దీనికి మాత్రం ఎస్పీ సంతకం చాలు. పైగా రేపు పతకానికి పేరు పంపేటప్పుడు ఎన్ని జీఎస్ఈలున్నాయి, ఎన్ని పనిష్మెంట్లున్నాయి అనే చూస్తారు. అంటే మా అన్నయ్య ఎగతాళి చేసిన ఆ కాగితాలే పునాది.

మన దగ్గర జరుగుతున్నది తలకిందులుగా ఉందనేదే నా బాధ. వెంటనే ఇవ్వాల్సిన చిన్న రివార్డు నెలల తరబడి ఫైల్లో నానుతుంది, ఆగి తేల్చుకుని ఇవ్వాల్సిన పెద్ద ప్రమోషన్ టీవీ కెమెరాలు వెళ్లకముందే ప్రకటించేస్తారు.

పెదనాన్న పేరు ఒకసారి సేవా పతకానికి వెళ్లింది. రాలేదు. ఆ తర్వాత ఎందుకో సర్వీసు బుక్ తీసి చూసుకుంటే, కవర్లో ఉన్న కాగితాల్లో నాలుగు అందులో ఎక్కనే లేదు. రాసే చోట ఎవరో మర్చిపోయారు. అందుకే మా ఊరి నుంచి కొత్తగా కానిస్టేబుల్ ట్రైనింగ్‌కి వెళ్లే ప్రతి కుర్రాడికీ ఆయన ఒకటే చెప్తారు: "రివార్డు వచ్చిన నెలలోనే రికార్డులు రాసే రైటర్ దగ్గర కూర్చో నాయనా, ఎంట్రీ పడిందో లేదో నీ కళ్లతో చూసుకునే లెయ్యి."