ఇంటి చుట్టూ ప్రహరీనా, పెరట్లో చిన్న కంచెనా, చేతిలో తాడా: గోదావరి డెల్టాలో కుక్కకు ఏది మేలు?

బ్రిటన్‌లో కుక్కలను దత్తతకిచ్చే ఆశ్రయాలు కొన్ని, కుక్క కావాలని వచ్చిన మనిషిని ముందుగా తోట గురించి ఆరా తీస్తాయి. చుట్టూ గట్టి కంచె లేదంటే చాలా కుక్కలను ఇవ్వవు. అదే నియమం అమలాపురంలోనో పాలకొల్లులోనో పెడితే సగం ఊరికి కుక్కను పెంచే అర్హత పోతుంది. ముందు సన్నటి సందు, వెనుక కొబ్బరి తోట, తోటకు ఒక పక్క బోదె అనే చిన్న నీటికాలువ, ఇంకో పక్క పొరుగువారి గట్టు. మన స్థలం ఎక్కడ ముగుస్తుందో సర్వేయరు వస్తే తప్ప తేలదు. అయినా ఆ ఇళ్ళలో కుక్కలు తరతరాలుగా ఉంటూనే ఉన్నాయి.

నా మాట ముందే చెప్పేస్తాను. స్థలమంతటికీ ప్రహరీ అవసరం లేదు. మనం దగ్గర లేని వేళల్లో కుక్క ఉండటానికి నాలుగు వైపులా మూసిన చోటు ఒకటి మాత్రం కావాలి, అది ఎంత చిన్నదైనా సరే. దానితో పాటు రోజూ నడక కావాలి. ఈ రెంటిలో ఒక్కదానికే వీలుంటే నడకనే ఎంచుకోమంటాను.

బ్రిటన్ వారి పట్టింపును యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేకపోవడానికి కారణం ఉంది. అక్కడ నేల మీద తిరిగే జంతువుల్లో రేబిస్ లేదు, యజమాని లేని కుక్క వీధిలో కనబడటం అరుదు. అందుకే అక్కడి కంచె ముఖ్యంగా లోపలి కుక్కను బయటికి పోనివ్వకుండా చూస్తుంది. మన దగ్గర దానికి అంతకంటే పెద్ద పని ఉంది, అది బయటి కుక్కను లోపలికి రానివ్వకపోవడం. గోడలు కట్టించే చాలామంది ఈ సంగతి ఆలోచించరు. దొంగల కోసం కడతారు, దిష్టి కోసం కడతారు, పక్కింటివారితో తగాదా వచ్చి కడతారు. కుక్క ఆ గోడకు తర్వాత వచ్చి చేరుతుంది.

కుక్కపిల్లకు టీకాల వరుస పూర్తయ్యేసరికి దాదాపు నాలుగు నెలల వయసు వస్తుంది. ఆ లోపల పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులు తగిలితే బతికించుకోవడం కష్టం. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. వీధి కుక్క ఒకసారి వచ్చి పెరట్లో మలం వేసి పోతే చాలు. రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేయించి, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం వేయిస్తూ ఉండాలి. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు. ఇక ఆడకుక్క ఉన్న ఇంటి అవస్థ వేరు. ఏడాదికి సుమారు రెండుసార్లు, రెండు మూడు వారాల పాటు, ఊళ్ళో ఉన్న మగకుక్కలన్నీ గేటు ముందే కాపురం పెడతాయి. తొమ్మిది వారాల తర్వాత పిల్లలు. పిల్లలను ఎవరికిద్దామా అని వెతుక్కునే బదులు ముందే శస్త్రచికిత్స చేయించడం ఏ గోడకన్నా చవక.

వీధి కుక్కలే లేకుండా పోతే ఈ బెడద ఉండదు కదా అనవచ్చు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కను పట్టుకుని, శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, సాధారణంగా పట్టుకున్న చోటే వదలాలి. కాబట్టి మన వీధిలో కుక్కలు ఉంటాయి. వాటితో సర్దుకునే ఏర్పాటు మనమే చేసుకోవాలి.

ఏ అడ్డూ లేకుండా వదిలేయడం మన పాత పద్ధతి. ఇంట్లో అన్నం తిని, ఊరంతా తిరిగి, రాత్రికి అరుగు మీద పడుకునేది కుక్క. దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అలా పెరిగిన కుక్కకు మనుషులంటే బెదురు ఉండదు, బండి వస్తే పక్కకు తప్పుకోవడం తెలుస్తుంది. కానీ ఆ ఊరు ఇప్పుడు లేదు. కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా 216వ నంబరు జాతీయ రహదారి పోతోంది. దాని పక్కనున్న ఊళ్ళలో విడిచిపెట్టిన కుక్క ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పనక్కర లేదు. చేపల చెరువుల మీదికి, రొయ్యల చెరువుల మీదికి పోతే అక్కడ కాపలా కుక్కలు ఉంటాయి. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి. ఆ మందలో పడిన కుక్క ఒక్క పూటలో చేసే నష్టం, బాతులు మేపుకునే మనిషి ఆ ఏడాది సంపాదనను మింగేస్తుంది. సంక్రాంతికి ముందు ఎవరి పందెంకోడినైనా నోట కరిస్తే, ఆ కోడికి వాళ్ళు చెప్పే వెల విన్నాక మనకు ప్రహరీ కట్టించడమే తేలికనిపిస్తుంది. మనుషుల ప్రాణానికి గానీ తీవ్రమైన గాయానికి గానీ అవకాశమున్న జంతువు విషయంలో యజమాని తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

గొలుసుతో కట్టేయడం గురించి ఎక్కువ చెప్పను. పగలంతా రెండు మూరల గొలుసుకు కట్టిన కుక్క కరిచే కుక్కగా మారుతుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్‌లో, మరీ పొట్టి గొలుసుతో లేదా మరీ బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టి ఉంచడాన్ని నేరంగా చెప్పింది. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా నేరమే. దీనికి కొంచెం మెరుగైన ఏర్పాటును తోటల్లో చూస్తుంటాం. రెండు కొబ్బరి చెట్ల మధ్య తీగ లాగి, దానికి రింగు వేసి, ఆ రింగుకు గొలుసు తగిలిస్తారు. కుక్క ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతుంది. మనం పక్కన ఉన్న గంటసేపటికి అది బాగానే ఉంటుంది. కానీ బయటి కుక్కలు వచ్చి మీద పడితే కట్టి ఉన్నది పారిపోనూ లేదు, పోరాడనూ లేదు. చెట్టు చుట్టూ గొలుసు మెలిపడితే నీళ్ళ తొట్టి దాకా కూడా పోలేదు. పైన గెలల సంగతి కూడా చూసుకోవాలి. కాయ ఎప్పుడు రాలుతుందో కుక్కకు తెలియదు.

ఇక ప్రహరీ. డబ్బుంటే ఇదే మేలని అందరూ అనుకుంటారు. కొన్ని విషయాల్లో నిజమే. గోడ వెనుక ఉన్న కుక్కకు వీధి కనబడదు కాబట్టి దారిన పోయే ప్రతి సైకిలుకూ మొరగదు. వల కంచె వెనుక ఉన్న కుక్క అవతలి కుక్కతో పాటు ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తుతూ గంటలకొద్దీ గొంతు చించుకుంటుంది. కానీ డెల్టా నేల గోడలకు అంత అనుకూలం కాదు. నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది లోతుగా వేయని గోడ కొన్నేళ్ళకే బీటలిస్తుంది, ఒకవైపు వాలుతుంది. ఎకరం తోట సరిగ్గా చదరంగా ఉందనుకున్నా, చుట్టూ 250 మీటర్లకు పైగా గోడ కట్టాలి. ఒక్క కుక్క కోసం అంత ఖర్చు ఎవరూ పెట్టరు, పెట్టాల్సిన పని కూడా లేదు.

పోనీ కట్టాం. కుక్క గోడ దూకి పోవడం కంటే గేటు నుంచి పోవడమే ఎక్కువ. కొబ్బరికాయల దింపుకు మనుషులు వచ్చినప్పుడు, ఒలిచిన కాయలు బండికి ఎత్తుతున్నప్పుడు, గేటు పూటంతా బార్లా తెరిచే ఉంటుంది. పాలబ్బాయి గడియ సరిగా వేయడు. గేటు కింద జానెడు సందు ఉంటే కుక్కపిల్ల ఆ సందులో నుంచే పోతుంది. గోడను ఆనించి కొబ్బరి డొక్కలు కుప్ప పోస్తే అది కుక్కకు మెట్టవుతుంది. ఊరజాతి కుక్క చురుకైనదైతే అయిదడుగుల గోడ దానికి లెక్క కాదు, మెట్టు దొరికితే ఇక అడగనక్కర లేదు. దీపావళి రాత్రి, కనుమనాడు కోనసీమలో జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం చుట్టుపక్కల ఊళ్ళలో బాణసంచా మోగుతున్నప్పుడు, ఎన్నడూ గోడ దూకని లాబ్రడార్ కూడా బెదిరి దూకేస్తుంది. ఆ రాత్రుళ్ళు ఎంత ఎత్తు గోడ ఉన్నా కుక్కను గదిలో పెట్టి తలుపు వేసుకోవాల్సిందే.

తాటాకు దడి, కొబ్బరాకు దడి చూడటానికి బాగుంటాయి, చవక కూడా. కానీ ఒక్క వానాకాలం గడిచేసరికి కింది భాగం కుళ్ళిపోతుంది, కుక్క మూతి పెట్టి తోస్తే దారి ఇస్తుంది. పక్కింటి కోళ్ళను ఆపడానికి సరిపోతుంది, కుక్కను ఆపలేదు.

ఇనుప వల కంచె మధ్యేమార్గం. సముద్రానికి దగ్గరున్న అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. జింకు పూత ఉన్నదో, పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నదో తీసుకోవాలి. గోదావరి పాయల మధ్య ఉండే లంక భూముల్లో ఇసుక కలిసిన మట్టి తవ్వడానికి కుక్కకు ఎంతో వీలు. వలను అడుగు లోతు పాతిపెట్టాలి, లేదా కింది అంచును లోపలి వైపు వంచి మట్టి కప్పాలి. వంచిన భాగం మీద నిలబడి తవ్వబోయే కుక్క, కాలికి వల తగిలి మానుకుంటుంది. ముళ్ళతీగ వద్దు. దూకబోయిన కుక్క పొట్ట చీరుకుంటుంది. చేలల్లో పందుల కోసం కరెంటు తీగ పెట్టే అలవాటును ఎవరైనా పెరట్లోకి తేబోతే అడ్డుకోండి. అది కుక్కలనే కాదు, మనుషులనూ చంపుతుంది, చట్టరీత్యా నేరం.

ఇంతకీ నేను మెచ్చే ఏర్పాటు ఇంటి వెనుక గోడను ఒక వైపుగా తీసుకుని, మిగిలిన మూడు వైపులా ఆరడుగుల వలతో కట్టిన చిన్న దొడ్డి. ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఉంటే చాలు. ముప్పై అడుగుల వైపు ఇంటి గోడకు ఆనితే కంచె డెబ్బై అడుగులతో సరిపోతుంది. వీధి వైపు కాకుండా పెరటి వైపు ఉంటుంది కాబట్టి మొరుగుడూ తగ్గుతుంది. దీనికి రెండు తలుపులు పెట్టగలిగితే మరీ మంచిది, ఒకటి మూశాకే రెండోది తెరిచేలా. దింపువాళ్ళు వచ్చిన రోజు కుక్కను అందులో వదిలి తోట గేటు ఎంతసేపు తెరిచినా బెంగ ఉండదు.

ఆ చోటు ఎక్కడ కడుతున్నామో చూసుకోవాలి. మే నెలలో రేకుల కింద కుక్క ఉడికిపోతుంది. తాటాకు పాక నయం, లేదా మామిడి చెట్టు నీడ. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు, మట్టలూ కాయలూ పడతాయి. నీరు నిలిచే పల్లం కాకుండా మెరక చూసుకోవాలి. నిలిచిన నీటిలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అది కుక్కకూ మనిషికీ సోకే జబ్బు. పక్కనే డొక్కల కుప్ప, కట్టెల మోపు ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల వెంట తాచు వస్తుంది, చేను దగ్గరైతే రక్తపింజరి కూడా. పామును ఆపే ప్రహరీ గానీ వల గానీ లేదు. కుక్క దాన్ని చూసి వెనక్కి తగ్గదు, అక్కడే వస్తుంది చిక్కు.

ఎంత దొడ్డి ఉన్నా, ఎకరం తోట ఉన్నా, కుక్క తనంతట తాను వ్యాయామం చేయదు. మొదటి నాలుగు రోజులు వాసనలు చూస్తూ తిరుగుతుంది, ఆ తర్వాత గుమ్మం దగ్గర పడుకుని మనకోసం ఎదురుచూస్తుంది. తోట ఉంది కదా అని నడకకు తీసుకుపోని ఇళ్ళలోనే కుక్కలు మొక్కలు పీకడం, గోతులు తీయడం, చెప్పులు నమలడం ఎక్కువ. పొద్దున్నే కాలువ గట్టు మీద అరగంట, సాయంత్రం ఎండ తగ్గాక అరగంట నడిపిస్తే అవన్నీ తగ్గుతాయి. కుక్కకు గట్టు మీద ఉన్నన్ని వాసనలు ప్రహరీ లోపల ఎక్కడ దొరుకుతాయి? తాడు మాత్రం వదలకూడదు. కాలువలో దూకాలన్న కోరిక లాబ్రడార్‌కు పుట్టుకతోనే ఉంటుంది, లాకుల దగ్గర నీటి ఉరవడికి ఈత తెలిసిన కుక్క కూడా కొట్టుకుపోతుంది. ఇంటికి వచ్చాక చెవుల వెనుక, కాలివేళ్ళ మధ్య పిడుదులు వెతకాలి.

భీమవరంలోనో కాకినాడలోనో మూడో అంతస్తు అద్దె ఇంట్లో ఉన్నవారికి పెరడూ లేదు, కంచె మాటా లేదు. అలాంటి ఇంట్లో కుక్క బాగా బతుకుతుందా అంటే, రోజుకు రెండు మూడుసార్లు కిందికి దింపే మనిషి ఉంటే బతుకుతుంది. డాబా మీద వదిలేద్దామనుకుంటే మాత్రం వద్దు. పిట్టగోడ తక్కువ ఎత్తు ఉంటుంది, మధ్యాహ్నం సిమెంటు నేల కాలుతుంది. వయసు మళ్ళిన కుక్కకో చిన్నజాతి కుక్కకో ఈ ఇల్లు తోట ఉన్న ఇంటి కంటే మేలు కావచ్చు. ఏడాది నిండని జర్మన్ షెపర్డ్‌ను మాత్రం తెచ్చుకోకండి.

లంక గ్రామాల వారికి ఒక్క మాట. 2022 జూలైలో గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అలాంటప్పుడు కుక్కను కాపాడిన కంచే దానికి బోను అవుతుంది, ప్రహరీ అయినా అంతే, గొలుసైతే ఇంకా అన్యాయం. బ్యారేజీ వద్ద నీటిమట్టం 13.75 అడుగులు చేరి రెండో హెచ్చరిక ఇవ్వగానే కుక్కను మెరక మీదికి, వీలైతే మనతో పాటే తీసుకుపోవాలి. తీసుకుపోయే దారి లేకపోతే దొడ్డి తలుపు తీసి, మెడ బెల్టుకు ఫోను నంబరు రాసి వదలాలి. తాళం వేసే తలుపైతే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.