తొలినాటి హాలీవుడ్ మ్యూజికల్స్: ముందు ఏది చూడాలి?

పాత హాలీవుడ్ మ్యూజికల్స్ (పాటలు, డాన్సులతో సాగే సినిమాలు) చూద్దామనుకున్న వాళ్లు మామూలుగా సంవత్సరాల వరసలో వెళ్తారు. 1927 నాటి 'ద జాజ్ సింగర్'తో మొదలుపెడతారు. టాకీల యుగం దానితో మొదలైందంటారు గానీ మాటల్లో చాలా భాగం తెర మీద అక్షరాలుగానే వస్తుంది. పైగా హీరో అల్ జాల్సన్ ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లజాతి మనిషి వేషంలో పాడతాడు, అది ఇవాళ మింగుడుపడదు. తర్వాత 1929 నాటి 'ద బ్రాడ్‌వే మెలొడీ' పెడతారు. అరగంటకల్లా ఆవలింతలు.

మన పోలికకు నాలుగు చాలు: 'ద బ్రాడ్‌వే మెలొడీ' (1929), 'లవ్ మీ టునైట్' (1932), '42వ స్ట్రీట్' (1933), 'టాప్ హ్యాట్' (1935). మధ్యలో ఉన్నది ఆరేళ్లే అయినా మొదటిదీ చివరిదీ ఒకే కళ అంటే నమ్మబుద్ధి కాదు.

'బ్రాడ్‌వే మెలొడీ' బిగుసుకుపోయినట్టు ఉండడానికి దర్శకుడి చేతకానితనం ఒక్కటే కారణమనుకోకూడదు. అప్పటి కెమెరా మోటారు శబ్దం మైకులో పడేది. అందుకని కెమెరాను, కెమెరామన్‌ను కలిపి ఒక గదిలాంటి పెట్టెలో పెట్టి మూసేవారు. పెట్టె కదలదు, మైకు ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి నటులు మైకు చుట్టూ చేరి మాట్లాడాలి. పాట వచ్చినప్పుడు స్టేజీ మొత్తం దూరం నుంచి కనిపిస్తుంది, హాల్లో వెనక వరసలో కూర్చున్నట్టు. 'పెయింటెడ్ డాల్' పెళ్లి పాట అప్పట్లో రెండు రంగుల టెక్నికలర్‌లో తీసింది. ఇప్పుడు నలుపు తెలుపు ప్రింటే మిగిలింది కనుక రంగు కోసం ఎదురుచూడకండి.

కానీ ఆ పాటకో విశేషముంది. మొదటిసారి తీసింది నచ్చక మళ్లీ తీసినప్పుడు, అంతకుముందు రికార్డు చేసిన సంగీతాన్నే సెట్లో వినిపిస్తూ డాన్సర్ల చేత ఆడించారు. మనం పుట్టిపెరిగిన ప్లేబ్యాక్ పద్ధతికి అది తొలి అడుగుల్లో ఒకటి. 1932లో వచ్చిన మన 'భక్త ప్రహ్లాద'లో ఇంకా నటులే మైకు ముందు పాడుకోవాల్సి వచ్చింది. ఇంకొకటి, నటి బెస్సీ లవ్ అద్దం ముందు కూర్చుని క్రీముతో మేకప్ తుడుచుకుంటూ వెక్కివెక్కి ఏడ్చే సీను. ఆ ఒక్క సీను కోసం మిగతాదంతా భరించవచ్చు. సినిమాకు ఆస్కార్ వచ్చిందన్న మాట మాత్రం పక్కన పెట్టి చూడండి.

'లవ్ మీ టునైట్' దగ్గరికొస్తే పరిస్థితి తిరగబడుతుంది. దర్శకుడు రూబెన్ మమూలియన్, పాటలు రాజర్స్, హార్ట్ జంటవి. మొదట్లో పారిస్ తెల్లవారుతుంది: గంట మోగుతుంది, ఒకడు గునపంతో రోడ్డు తవ్వుతాడు, ఒకడు గురక పెడతాడు, ఒకామె చీపురుతో ఊడుస్తుంది, చెప్పులు కుట్టేవాళ్లు సుత్తులతో కొడతారు. ఒక్కొక్క చప్పుడూ వచ్చి చేరి తాళం కట్టేస్తుంది. కాసేపటికి దర్జీ మారిస్ షెవాలియే 'ఇజింట్ ఇట్ రొమాంటిక్' ఎత్తుకుంటాడు. దుకాణంలోని పెళ్లికొడుకు దాన్ని కూనిరాగం తీస్తూ వీధిలోకి పోతాడు. అతని నుంచి టాక్సీ డ్రైవర్‌కు, టాక్సీలోని సంగీతకర్తకు, అక్కడి నుంచి రైల్లో సైనికులకు, వాళ్ల నుంచి జిప్సీ వయొలిన్‌కు, చివరికి కోటలో బాల్కనీలో నిల్చున్న రాకుమారికి చేరుతుంది. నాయకుడూ నాయికా ఒకరినొకరు చూడకముందే ఇద్దరూ ఒకే పాట పాడేశారన్నమాట. పాటలో కథ నడవడం మనకు కొత్త కాదు కాబట్టి తెలుగు ప్రేక్షకుడు దీనికి ఇట్టే అలవాటు పడతాడు. ఒక లోటుంది: సెన్సారు నియమావళి గట్టిపడ్డాక రీరిలీజు కోసం కత్తిరించారు, ఆ ముక్కలు మళ్లీ దొరకలేదు. ఇప్పుడు చూసేది 89 నిమిషాల రూపం.

'42వ స్ట్రీట్'తో చిక్కు వేరు. ఇది నాటకం వెనకాల జరిగే కథ. రిహార్సల్లో వినబడే ముక్కలు తప్పిస్తే అసలు పాటలన్నీ చివరి ఇరవై నిమిషాల్లోనే వస్తాయి. ఇరవై నిమిషాలకో పాట అలవాటైన వాళ్లు 'పాటలేవీ?' అని లేచిపోతారు. లేవకండి. చివర్లో నృత్య దర్శకుడు బస్బీ బర్క్లీ చేతికి కెమెరా వస్తుంది: తిరిగే వేదిక మీద అమ్మాయిలను చక్రాల్లా పేర్చి నడినెత్తి నుంచి తీస్తాడు, తర్వాత వాళ్ల కాళ్ల మధ్య నుంచి సొరంగంలోలా కెమెరాను పోనిస్తాడు. కథ ప్రకారం ఇదంతా థియేటర్ స్టేజీ మీద జరుగుతోంది, టికెట్ కొన్న ఒక్క ప్రేక్షకుడికీ ఆ దృశ్యం కనిపించే వీలు లేదు! ఆర్థిక మాంద్యం రోజుల ఆకలి, చమత్కారాలు సంభాషణల్లో బాగా పడ్డాయి. సెన్సారు నియమావళి గట్టిపడిన 1934 జూలైకి ముందుది కనుక మాటల్లో కొంచెం ఘాటు ఎక్కువే.

'టాప్ హ్యాట్' గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కథ పలచన, ఒకరిని చూసి ఇంకొకరనుకోవడాన్నే దాదాపు గంటా నలభై నిమిషాలు లాగారు. హీరో ఫ్రెడ్ ఆస్టేర్ పట్టుబట్టి తల నుంచి పాదాల దాకా ఫ్రేములో ఉంచుతూ, తక్కువ కట్స్‌తో నాట్యం తీయించాడు. అందుకే కాళ్ల కదలికలు చూడాలనుకునే వాళ్లకు దీన్ని మించింది లేదు. 'చీక్ టు చీక్' పాటలో హీరోయిన్ జింజర్ రాజర్స్ గౌను నుంచి రాలిన ఈకలు నేల మీద కనిపిస్తాయి, వెతకండి.

టీవీ సంగతి. 1929–31 నాటి చాలా సినిమాల ఫ్రేము దాదాపు చదరం, వెడల్పు ఎత్తుకు సుమారు 1.2 రెట్లు. ఫిల్ము అంచున సౌండ్‌ట్రాక్ చోటు తినేయడమే కారణం, 1932లో 1.37 నిష్పత్తి స్థిరపడింది. టీవీలో 'వైడ్', 'జూమ్' పెడితే తలలు తెగుతాయి, లేదా డాన్సర్లు పొట్టిగా లావుగా సాగిపోతారు. పక్కల నల్లపట్టీలు ఉండనివ్వండి. మోషన్ స్మూతింగ్ (కదలికలను నునుపు చేసే టీవీ సెట్టింగు), సరౌండ్, బాస్ బూస్ట్ మూడూ ఆపేయండి. సరౌండ్ పెడితే పాత ట్రాక్‌లోని బుసబుస గది నిండా పరుచుకుంటుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, షెవాలియే ఫ్రెంచి యాసకూ బ్రాడ్‌వే (న్యూయార్క్‌లో నాటకశాలల వీధి) అమ్మాయిల వీధి భాషకూ అవి అవసరం.

ఒక్కటే చూసే తీరిక ఉంటే 'లవ్ మీ టునైట్'. రెండోది '42వ స్ట్రీట్'. నాట్యం నేర్చుకున్న వాళ్లయితే ఈ రెండింటికీ మధ్యలో 'టాప్ హ్యాట్' పెట్టుకోవచ్చు. 'బ్రాడ్‌వే మెలొడీ'ని ఆఖరున, 'లవ్ మీ టునైట్' చూసిన వారంలోపే చూస్తే, మూడేళ్లలో కెమెరా ఆ పెట్టెలోంచి బయటపడి ఎంత దూరం వచ్చిందో కళ్లకు కడుతుంది.