చెన్నైకి సునామీ కబురు: భూకంపమాపకం మేలా, సముద్రం అడుగున ఉన్న పీడనమాపకం మేలా?

2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం చెన్నైలో బల్ల మీది సీసాలో నీళ్లు ఊగడం చూసి, ఆఫీసు మెట్లు దిగి రోడ్డు మీదికి పరుగెత్తినవాళ్లలో నేనూ ఒకణ్ణి. సుమాత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చిందనీ, సునామీ హెచ్చరికలు వెలువడ్డాయనీ కాసేపటికి తెలిసింది. తీరాన ఉన్న బంధువులకు ఫోన్లు కలవక సాయంత్రం దాకా తల్లడిల్లాం. పెద్ద అల మాత్రం రాలేదు. ఆ రోజు సముద్రం కింది రాతిపొరలు పక్కలకు జారాయే తప్ప, నీటిని ఎత్తేంతగా అడుగు పైకి లేవలేదు.

భూకంపమాపకం బలమూ బలహీనతా ఇక్కడే తెలుస్తాయి. వేగంలో దానికి సాటి లేదు. రెండు వేల కిలోమీటర్ల దూరాన భూమి కంపిస్తే మొదటి తరంగం చెన్నైకి నాలుగైదు నిమిషాల్లో చేరుతుంది. అయితే అది చెప్పేది నేల కదలిక గురించి, నీటి గురించి కాదు. పైగా భూకంపం మరీ పెద్దదైతే తొలి లెక్క తప్పవచ్చు. 2004 డిసెంబరు 26న పసిఫిక్ హెచ్చరిక కేంద్రం మొదట 8.0 అని, దాదాపు గంట తర్వాత 8.5 అని ప్రకటించింది. అసలు తీవ్రత 9.1 అని తర్వాత తేలింది.

సముద్రం అడుగున ఉంచే పీడనమాపకం నేరుగా నీటినే తూస్తుంది. మూడు నాలుగు కిలోమీటర్ల లోతున కూర్చుని, పైన నీటిమట్టం ఒక్క సెంటీమీటరు మారినా పసిగట్టి, ఆ సంగతిని ధ్వని సంకేతంగా పైన తేలే బోయాకు పంపితే, బోయా దానిని ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరవేస్తుంది. నడిసముద్రంలో సునామీ కంటికి ఆనదు. 2004లో భూకంపం వచ్చిన రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం కొలిచిన అల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లే.

రేవుల్లో నీటిమట్టం కొలిచే పరికరాలు కూడా ఉన్నాయి గానీ, చెన్నై రేవులో ఉన్నది అల వచ్చాకే చెబుతుంది కనుక చెన్నైని కాపాడజాలదు. అండమాన్ రేవుల్లోవి మనకు ముందు కబురు చెబుతాయి.

అందుకే ఏది మేలన్నది దూరాన్ని బట్టి ఉంటుంది. అండమాన్ నికోబార్ దీవులకు అల అరగంటలోపే చేరగలదు కనుక అక్కడ భూకంపమాపకం మాటే నమ్మి పరుగెత్తాలి. 2004లో ఉదయం ఆరున్నరకు భూమి కంపిస్తే చెన్నైని అల తాకింది తొమ్మిది దాటాక. అంత వ్యవధి ఉన్న ఊరికి నా ఓటు పీడనమాపకానికే. తీరం ఖాళీ చేయించాలా, చేయించిన జనాన్ని ఇళ్లకు పంపాలా అన్నది తేల్చేది అదే. 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం)లో నడుస్తున్న హెచ్చరిక కేంద్రం కూడా భూకంపం లెక్కతో మొదలుపెట్టి, నీటి కొలతలు అందేకొద్దీ హెచ్చరికను సవరిస్తుంది.

పీడనమాపకం కష్టమంతా నిర్వహణలో ఉంది. బోయా చెడితే ఓడ వేసుకుని వెళ్లాలి. ఇలాంటి బోయాల పని చూసే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మన చెన్నై పళ్లికరణైలోనే ఉంది. తేలే వస్తువు కింద చేపలు చేరతాయి కనుక లోతు సముద్రానికి వెళ్లిన పడవలు బోయా చుట్టూ వలలు వేయడం, తాళ్లు కట్టడం జరుగుతుంటుంది. చెన్నైలోని కాశిమేడు చేపల రేవులో పనిచేసే మన శ్రీకాకుళం, నెల్లూరు జాలర్లకు ఆ బోయా బొమ్మ చూపించి, అది ఎవరి కోసం తేలుతోందో తెలుగులో చెప్పే మనిషిని అక్కడ పెట్టాలి.