నిలోఫర్ గేటు దగ్గర అమ్మతో

లక్డీకాపూల్‌లో మేం దిగిన లాడ్జి పేరు రాయను. కానీ అక్కడి కౌంటర్ దగ్గర చూసింది మాత్రం రాయకుండా ఉండలేను.

ముందు ఎందుకు వెళ్ళామో చెప్తాను. 1984లో సూర్యాపేటలో ఏడో నెలకే పుట్టాను నేను. కిలో మూడొందల గ్రాములు. అక్కడి డాక్టరు చేతులెత్తేస్తే నన్ను గుడ్డల్లో చుట్టుకుని హైదరాబాద్‌లోని నిలోఫర్ పిల్లల ఆస్పత్రికి తీసుకెళ్ళారట. 26 రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాను. మొన్న దసరాకి వెళ్తే అమ్మ అడిగింది: "గా నిలోఫర్ అంటే ఎవరు బిడ్డా? పెద్ద డాక్టరమ్మనా?" చూపిస్తా పదమన్నాను.

బస్సులో నాకూ అమ్మకూ ఆధార్ చూపిస్తే జీరో టికెట్, మా ఆయనకు 200. ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా పోయి ట్రాఫిక్‌లో ఇరుక్కోకండి. ఎల్బీ నగర్‌లోనే దిగి మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా లక్డీకాపూల్ వచ్చేస్తుంది.

లాడ్జి ఆన్‌లైన్‌లో 1,499కి బుక్ చేశాం. లిఫ్ట్ ఉందని రాసి ఉంది కూడా. తీరా వెళ్తే గది మూడో అంతస్తులో, లిఫ్ట్ నెల రోజులుగా పనిచెయ్యట్లేదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మూడో మనిషికి 500 అదనం, వేడినీళ్ళు బకెట్‌కి 30, ఏసీ రిమోట్ కావాలంటే 300 డిపాజిట్. మా ఆయన గొడవపడి గొడవపడి ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అదైనా సర్దుకునేవాళ్ళం. రాత్రి తొమ్మిదింటికి ఒక అబ్బాయి వచ్చాడు, పాతికేళ్ళుంటాయేమో, చేతిలో ప్లాస్టిక్ సంచీ, భుజాన తువ్వాలు. భార్య, పసిబిడ్డ నిలోఫర్‌లో ఉన్నారు, తల్లిని పడుకోబెట్టడానికి ఒక్క రాత్రికి గది కావాలన్నాడు. బోర్డు మీద 900 ఉన్న గదికి 1,600 చెప్పాడు కౌంటర్లో మనిషి, పైగా వెయ్యి అడ్వాన్సు. "ఆస్పత్రోళ్ళు ఎన్ని రోజులుంటారో, ఎప్పుడు పోతారో తెల్వదు" అన్నాడు మా ముందే. ఆ అబ్బాయి ఒక్క మాట అనకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మా ఆయన వెనకే మెట్లు దిగి పరుగెత్తాడు గానీ అప్పటికే కనబడలేదు. పొద్దున్నే ఖాళీ చేసి నాంపల్లిలో 1,800కి కింది అంతస్తులో శుభ్రమైన గది తీసుకున్నాం. డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి లిఫ్ట్ నడుస్తోందా, మూడో మనిషికి ఎంత అని అడిగి తీరాలి.

చౌమహల్లా, చార్మినార్ ఒక పూటలో చూసేశాం, బాగున్నాయి. మాకు అసలు పని నౌబత్ పహాడ్ పక్కన ఉన్న హిల్ ఫోర్ట్ దగ్గర. నిలోఫర్ కాపురం చేసిన ఇల్లు అది, ఆ తర్వాత రిట్జ్ హోటల్ అయింది. ఇప్పుడు మూతబడి ఉంది. రోడ్డు మీద నిలబడి గోడ పైనుంచి కనిపించినంత చూసి, అమ్మకు కథంతా చెప్పాను. ఒట్టోమన్ సుల్తానుల ఇంటి పిల్ల. 1924లో టర్కీ ఆ కుటుంబాన్ని వెళ్ళగొడితే ఫ్రాన్సులోని నీస్‌లో పెరిగింది. 1931లో, పదిహేనేళ్ళకే, ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జాకిచ్చి చేశారు. అదే రోజు ఆ ఇంటి పిల్లే దుర్రు షెహ్వార్‌ని నిజాం పెద్ద కొడుక్కి చేశారు. పాతబస్తీలో పిల్లల ఆస్పత్రి ఉన్నది ఆ దుర్రు షెహ్వార్ పేరు మీదే. నిలోఫర్ యుద్ధం రోజుల్లో నర్సు పని కూడా నేర్చుకుంది. పిల్లలు కలగలేదు. 1949లో ఆమె దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో చనిపోయింది. ఇంకే తల్లీ ఇలా పోకూడదని ఆమె పట్టుబట్టింది, రెడ్‌హిల్స్‌లో ఆస్పత్రి లేచింది. అది 1953లో తెరుచుకునేనాటికి ఆమెకు విడాకులయ్యాయి. 1989లో పారిస్‌లో కన్నుమూసింది.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "పనిమనిషి కోసమా?" అంది చివరికి. "పనిమనిషి కోసం దవాఖాన కట్టించిందా ఆ తల్లి?"

ఆటోకి 120 ఇచ్చి మొఅజ్జం జాహీ మార్కెట్‌కి వెళ్ళాం. రాతి కమానుల కింద కూర్చుని సీతాఫలం ఐస్‌క్రీం తిన్నాక గానీ మా ఆయన ముఖం విచ్చుకోలేదు. ఆ మార్కెట్ 1935 నాటిది, పేరు నిలోఫర్ భర్తదే. హైదరాబాద్ వెళ్ళినవాళ్ళు అక్కడ అరగంటైనా కూర్చోవాలి.

మర్నాడు నిలోఫర్. ఆస్పత్రిని చూసొద్దామని మాత్రం వార్డుల్లోకి పోకండి, అక్కడి తల్లులు పడే బాధకు మనం అడ్డం. మేం గేటు దగ్గరే ఆగాం. పులిహోర పొట్లాలు పంచుతున్నారెవరో. గోడ పొడవునా చాపలు, ప్లాస్కులు, ఆరేసిన పొత్తిగుడ్డలు. అమ్మ ఒక చెట్టు కింద నిలబడి, అప్పుడు తను ఇలాంటి చోటే కూర్చుని పాలు ఉగ్గుగిన్నెలోకి పిండి లోపలికి పంపేదాన్నని చెప్పింది. చెప్తూ చెప్తూ ఆగిపోయింది.

గోడవారగా చాప మీద ఆ రాత్రి చూసిన అబ్బాయి. పక్కన తువ్వాలు కప్పుకుని పడుకున్న అతని తల్లి. అమ్మ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

"ఎంత తూగింది బిడ్డా?"

"కిలో నాలుగొందలమ్మా. ఎనిమిదో నెల."

అమ్మ నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "ఇగో, నా బిడ్డ కిలో మూడొందలే. గీ దవాఖానలనే ఉన్నది. చూడు ఎట్లున్నదో."

ఆ అబ్బాయి తలెత్తి నన్ను కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా చూశాడు. తర్వాత వాళ్ళమ్మని తట్టి లేపాడు, ఆమె కూడా చూడాలని.